జపాన్ బాడీ, జర్మన్ లెన్స్: 1920–30ల నాటి కెమెరాని గుర్తుపట్టి, బాగుచేసి, ఫొటోలు తీయడం ఎలా

పాత జపాన్ మడత కెమెరా ఒకటి మీ చేతికొచ్చిందనుకోండి. ముందు తలుపు తెరిచి బెలోస్ (లెన్స్‌నీ బాడీనీ కలిపే మడతల గొట్టం) బయటికి లాగితే లెన్స్ చుట్టూ 'కార్ల్ జీస్ యేనా, టెస్సార్' అని చెక్కి ఉంది. వెంటనే రెండు సందేహాలు వస్తాయి. ఈ లెన్స్ కెమెరాతో పాటే పుట్టిందా, తర్వాత ఎవరైనా తెచ్చి బిగించారా? ఫిల్మ్ వేస్తే ఫొటో వస్తుందా? రెండింటికీ జవాబు కెమెరా మీదే దొరుకుతుంది. అయితే ఆ కాలపు జపాన్ కెమెరాని ఒకే వస్తువుగా చూడకూడదు. బాడీ, షట్టర్, లెన్స్ మూడూ మూడు చోట్ల తయారై ఒక చోట కలిసినవి. మూడింటినీ విడివిడిగా చదవడం వస్తే సగం పని అయిపోయినట్టే.

ముందు కొంచెం చరిత్ర: ఆ లెన్స్ అక్కడికి ఎలా వచ్చింది

ఇది దాటేసి నేరుగా స్క్రూడ్రైవర్ పట్టుకోవద్దు. అసలుదా కాదా అని తేల్చేటప్పుడు మీకు పనికొచ్చేది ఈ చరిత్రే.

చెక్క బాడీ, తోలు తొడుగు, బెలోస్, ఇత్తడి సామాను చేయడంలో జపాన్ పనివాళ్లకి మంచి చేయి ఉండేది. కొనిషి దుకాణం వాళ్లు టోక్యోలో రొకుఓషా కార్ఖానాని 1902లోనే పెట్టారు. చిక్కంతా రెండు చోట్ల వచ్చింది: లెన్స్‌కి కావాల్సిన ఆప్టికల్ గాజు, సెకనులో వందో వంతుని నమ్మకంగా కొలిచే షట్టర్. ఈ రెండింటికీ జర్మనీ వైపు చూడక తప్పలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ నుంచి గాజు రావడం ఆగిపోయాక, పరాయి దేశం మీద ఆధారపడితే ఏమవుతుందో జపాన్ నౌకాదళానికి బాగా తెలిసొచ్చింది. 1917లో నిప్పాన్ కొగాకు సంస్థ ఏర్పడింది. మనం ఇప్పుడు నికాన్ అంటున్నది దాన్నే. 1921లో ఆ సంస్థ ఎనిమిది మంది జర్మన్ నిపుణులని పిలిపించుకుంది. వాళ్లలో హైన్రిఖ్ ఆఖ్ట్ 1928 దాకా ఉండి లెన్స్ డిజైన్ నేర్పాడు. ఆ పాఠాల నుంచే 12 సెం.మీ., ఎఫ్ 4.5 అనిటార్ లెన్స్ పుట్టింది. దాన్ని పోల్చి చూసుకోవడానికి వాళ్లు పెట్టుకున్న కొలబద్ద జీస్ టెస్సార్. నిక్కోర్ పేరు 1930లలో కానీ రాలేదు.

నా దృష్టిలో ఈ కథకి అసలైన ఉదాహరణ మినోల్టా. 1928 నవంబరులో కజువో తాషిమా మొదలుపెట్టిన కంపెనీకి పేరే 'జపాన్–జర్మనీ కెమెరా దుకాణం', వాళ్ల భాషలో నిచిదొకు షషింకి షోతెన్. విల్లీ హైలెమాన్, బిల్లీ నాయ్‌మాన్ అనే ఇద్దరు జర్మన్లు ఆయనకి తోడు. 1929లో వచ్చిన మొదటి కెమెరా నిఫ్కాలెట్: బాడీ జపాన్‌ది, లెన్స్, షట్టర్ జర్మనీవి. 1931లో కంపెనీ మోల్టాగా మారింది. తర్వాత ఆ జర్మన్లు విడిపోయి జపాన్‌లోనే సొంతంగా షట్టర్లు చేశారు. 1933లో మినోల్టా పేరుతో వచ్చిన కెమెరా మీద కరోనార్ లెన్స్ ఉంది. అది జపాన్‌లోనే, తర్వాతి కాలంలో పెంటాక్స్‌గా పేరుపడిన అసాహి కొగాకులో తయారైంది. ఒకే కంపెనీ, నాలుగేళ్లలో దిగుమతి లెన్స్ నుంచి స్వదేశీ లెన్స్‌కి మారింది. రొకుఓషా దారీ అంతే. 1925 నాటి చిన్న పర్లెట్ కెమెరాకి మొదట్లో దిగుమతి లెన్సులు, తర్వాత జపాన్‌లో చేసిన ఆప్టార్. 1931లో వాళ్ల సొంత హెక్సార్ వచ్చింది.

1936 నాటి హాన్సా కెనాన్‌ని కూడా చాలామంది జర్మన్ లెన్స్ కెమెరా అనుకుంటారు. కాదు. అది జర్మన్ కెమెరా లైకాని చూసి చేసిందే కానీ, దాని లెన్స్ నిప్పాన్ కొగాకు ఇచ్చిన 50 మి.మీ. నిక్కోర్. దాని ధర 275 యెన్లు. అప్పట్లో లైకా 420 యెన్లు. మంచి విశ్వవిద్యాలయంలో చదివి బ్యాంకులో చేరిన కుర్రాడి మొదటి జీతం నెలకి 70 యెన్లు. జర్మన్ వస్తువంటే ఎంత ఖరీదైన మోజో ఈ లెక్కే చెబుతుంది.

1937 జులైలో చైనాతో యుద్ధం మొదలైంది. సెప్టెంబరులో దిగుమతుల మీద ఆంక్షల చట్టం వచ్చింది. జర్మన్ లెన్సులు, షట్టర్ల రాక సన్నగిల్లింది. ఈ తేదీని గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

మెట్టు 1: బాడీని చదవండి

లెన్స్ మీద చూపు పడకముందే బాడీ చూడండి. తోలు మీద అచ్చు, పిడి మీద పేరు, వెనుక తలుపు లోపలి గుర్తులు, స్టాండు కాలి మీద చెక్కిన అక్షరాలు అన్నీ రాసుకోండి. ప్లేట్ కెమెరా (ఫిల్మ్ చుట్ట బదులు గాజు పలక వేసేది) అయితే ప్లేట్ సైజు కొలవండి. జపాన్‌లో ఎక్కువగా నడిచిన సైజులు రెండు: సుమారు 8×10.5 సెం.మీ. ఉండే 'తెఫుదా', 6.5×9 సెం.మీ. ఉండే 'దైమెయిషి'. జర్మనీలో మామూలు సైజు 9×12. తెఫుదా సైజు బాడీ కనిపిస్తే అది జపాన్ మార్కెట్ కోసం చేసిందని చెప్పడానికి మంచి ఆధారం. 6.5×9 మాత్రం రెండు దేశాల్లోనూ ఉంది కాబట్టి దాన్నిబట్టి ఏమీ తేల్చలేం.

బాడీ మీద జపాన్ దుకాణం పేరు ఉన్నంత మాత్రాన అది జపాన్‌లో చేసిందని కాదు. జర్మన్ కెమెరాలని తెచ్చి తమ పేరుతో అమ్మిన దుకాణాలూ ఉన్నాయి.

మెట్టు 2: షట్టర్ ఎవరిది

లెన్స్ కన్నా షట్టర్ ఎక్కువ నిజం చెబుతుంది, ఎందుకంటే నకిలీ చేయాలన్న ఆశ దాని మీద ఎవరికీ పుట్టదు. మీకు తగిలే జర్మన్ షట్టర్లు ప్రధానంగా రెండు కార్ఖానాలవి. మ్యూనిక్‌లోని ఫ్రీడ్రిఖ్ డెకెల్ చేసిన కాంపూర్ ఒకటి. కాల్మ్‌బాఖ్‌లోని ఆల్ఫ్రెడ్ గౌతియర్ చేసిన వారియో, ఇబ్సోర్, ప్రాంటార్ లాంటివి రెండో రకం. గౌతియర్ షట్టర్ల మీద ఏ, జి, సి అక్షరాలు అల్లిన ముద్ర ఉంటుంది.

కాంపూర్‌లో వేగం మార్చే చోటు చూడండి. లెన్స్ పైన చిన్న చక్రం తిప్పి మార్చేది పాత రకం. లెన్స్ చుట్టూ ఉన్న రింగు తిప్పి మార్చేది 1920ల చివర నుంచి వచ్చింది. సెకనులో 400 లేదా 500 వంతు వేగం రాసి ఉన్న కాంపూర్ రాపిడ్ 1930ల మధ్యలో వచ్చింది. అందుకని, 1930 నాటి కెమెరా అని అమ్ముతున్నదాని మీద కాంపూర్ రాపిడ్ కనిపిస్తే ఏదో మార్చారని అర్థం. సీకోషా షట్టర్ ఉంటే అది జపాన్‌ది, గడియారాల కార్ఖానా వాళ్లు చేసింది. సీకోషా షట్టర్‌లో జర్మన్ లెన్స్ ఉంటే వెంటనే తప్పుపట్టకండి, కానీ తర్వాతి మెట్లని ఇంకాస్త జాగ్రత్తగా చూడండి.

మెట్టు 3: లెన్స్ మీద రాత

భూతద్దం, మంచి వెలుతురు పెట్టుకుని ఐదు వివరాలు రాసుకోండి: తయారీదారు పేరు, ఊరు, లెన్స్ పేరు, అపర్చర్ (వెలుతురు లోపలికి వచ్చే రంధ్రం, దాని కొలతే ఎఫ్ అంకె) తో పాటు ఫోకల్ లెంగ్త్ (సెం.మీ.లో రాసే లెన్స్ కొలత), సీరియల్ నంబరు.

ఎక్కువగా కనిపించే పేర్లు ఇవి. జీస్, యేనా: టెస్సార్. ష్నైడర్, క్రాయిట్స్‌నాఖ్: క్సెనార్ టెస్సార్ తరహాది, రాడియోనార్ మూడు గాజుల సాదా లెన్స్. హ్యూగో మేయర్, గోర్లిట్జ్: ట్రియోప్లాన్, ఇదీ మూడు గాజులదే. రోడెన్‌స్టాక్, మ్యూనిక్: ట్రినార్. స్టైన్‌హైల్, మ్యూనిక్: కాసార్. పెద్ద ప్లేట్ కెమెరాల మీద అప్పుడప్పుడు గోర్జ్ డాగోర్ తగులుతుంది. టెస్సార్‌ని 1902లో పాల్ రుడాల్ఫ్ రూపొందించాడు. దాని పేటెంట్ గడువు తీరాక మిగతావాళ్లందరూ అదే తరహాలో లెన్సులు చేసుకున్నారు.

'అనస్టిగ్మాట్' అన్నది కంపెనీ పేరు కాదు, లెన్స్ జాతి పేరు. అది ఒక్కటే కనిపిస్తే జర్మన్ అనుకోవద్దు. కరోనార్, ప్రోమార్, హెక్సార్ చెవికి జర్మన్‌లా వినిపించినా జపాన్ లెన్సులే. ఊరి పేరు లేని లెన్స్‌ని జర్మన్‌దని నమ్మి ఎక్కువ ధర పెట్టకండి.

మెట్టు 4: నంబరుతో వయసు లెక్క

జీస్ యేనా నంబర్లు వరసగా నడిచాయి కాబట్టి సంవత్సరం దాదాపుగా తెలుస్తుంది. 1921 ప్రాంతంలో 4 లక్షల 30 వేలు, 1926లో సుమారు 7 లక్షలు, 1929–30కి 10 లక్షలు దాటింది. 1935లో 16–17 లక్షలు, 1937లో 20 లక్షల పైన, 1939 చివరికి 26 లక్షల చుట్టుపక్కల. ష్నైడర్ వాళ్ల నంబరు 1936లో 10 లక్షలకి చేరింది. ఇవి ఉజ్జాయింపులే. నంబర్లని ముందుగా కట్టలుగా కేటాయించేవాళ్లు కాబట్టి ఏడాది రెండేళ్ల తేడా ఎప్పుడూ ఉంటుంది.

ఇప్పుడు మూడు తేదీలనీ పక్కపక్కన పెట్టండి. లెన్స్ బాడీ కన్నా ఒకటి రెండేళ్లు పాతదైతే సహజం: ఓడలో రావాలి, గోదాములో ఉండాలి, తర్వాత బిగించాలి. లెన్స్ బాడీ కన్నా కొత్తదైతే అది తర్వాత మార్చిందే. ఒకే మోడల్ కొన్ని జర్మన్ లెన్స్‌తో, కొన్ని జపాన్ లెన్స్‌తో దొరికితే జర్మన్ లెన్స్ ఉన్నది ముందుదై ఉండే అవకాశం ఎక్కువ. 1937 ఆంక్షల తేదీ ఇక్కడే పనికొస్తుంది. అయితే పాత సరుకు మిగిలి ఉంటే దాన్ని 1938లోనూ వాడి ఉండొచ్చు, కాబట్టి దీన్ని ఒక్కదాన్నే పట్టుకుని తీర్పు చెప్పకండి.

మెట్టు 5: అసలు జంటేనా?

ఈ ప్రశ్నకి నంబర్ల కన్నా గట్టి సాక్ష్యం ఫోకస్ దగ్గర దొరుకుతుంది. 10.5 సెం.మీ. అని చెక్కి ఉన్న లెన్సులన్నీ కచ్చితంగా ఒకే ఫోకల్ లెంగ్త్‌లో ఉండవు, కొద్దిగా అటూఇటూ ఉంటాయి. అందుకే కార్ఖానాలో ప్రతి బాడీకీ దానికి బిగించిన లెన్స్‌ని బట్టి అనంత దూరపు ఆపుని, అంటే చాలా దూరపు వస్తువులు పదునుగా కనిపించే చోట లెన్స్‌ని ఆపే అడ్డుని, సరిచేసేవాళ్లు. లెన్స్ మార్చినవాళ్లు ఆ ఆపుని మార్చడం తరచూ మర్చిపోతారు.

ప్లేట్ కెమెరా అయితే వెనుక బొమ్మ పడే గరుకు గాజు (గ్రౌండ్ గ్లాస్) మీదే చూడండి. రోల్ ఫిల్మ్ కెమెరా అయితే ఫిల్మ్ ఆనుకునే పట్టాల మీద ట్రేసింగ్ పేపర్‌ని బిగుతుగా అంటించండి, ఎక్కడా ఉబ్బకూడదు. షట్టర్‌ని తెరిచి ఉంచే స్థానంలో పెట్టి, అపర్చర్ పూర్తిగా తెరవండి. కనీసం రెండు మూడు వందల మీటర్ల దూరంలో ఉన్న సెల్ టవర్‌నో నీళ్ల ట్యాంకునో గురిపెట్టండి. స్కేలు అనంతం దగ్గర ఉన్నప్పుడు బొమ్మ పదునుగా ఉంటే జంట అసలుదన్న నమ్మకం పెరుగుతుంది. మసకగా ఉంటే షట్టర్ వెనుక బిగింపు రింగు చూడండి. గీతలు, కొత్త రంధ్రాలు, వాషర్‌గా పెట్టిన కాగితం ముక్కలు ఉంటే చేయి పడిందని అర్థం. అపర్చర్ స్కేలు కూడా చూడండి: లెన్స్ మీద ఎఫ్ 4.5 అని ఉండి, షట్టర్ పలక మీద అంకెలు 6.3తో మొదలైతే ఆ షట్టర్ వేరే లెన్స్ కోసం చెక్కింది.

మార్చిన లెన్స్ ఉన్న కెమెరా పనికిరానిదని నేను అనను. ఫొటోలు బాగా రావచ్చు. కానీ అసలు జంట అని చెప్పి ఎక్కువ ధర అడిగితే మాత్రం ఒప్పుకోవద్దు.

మెట్టు 6: గాజు లోపల ఏముంది

చీకటి గదిలో చిన్న టార్చ్ పట్టుకుని చూడండి. మొదట ప్రతిబింబాల రంగు గమనించండి. జీస్‌లో అలెగ్జాండర్ స్మకులా లెన్స్ పూతని కనిపెట్టింది 1935లో, మామూలు కెమెరాల మీదికి అది విరివిగా వచ్చింది రెండో ప్రపంచ యుద్ధం తర్వాతే. కాబట్టి మన లెన్స్‌లో టార్చ్ ప్రతిబింబం తెల్లగా ఉండాలి. నిండు నీలమో ఊదానో అయితే తర్వాత పూత వేయించారు, లేదా లెన్స్ కొత్తది. పాత గాజు మీద ఏళ్ల తరబడి సహజంగా వచ్చే పలచటి నీలి ఛాయ వేరు, అది అక్కడక్కడ మచ్చలుగా ఉంటుంది. దాని వల్ల హాని లేదు, తుడిచి పోగొట్టాలని చూడకండి.

తర్వాత వెనుక భాగాన్ని చేత్తో మెల్లగా తిప్పి తీయండి. టెస్సార్ తరహా అయితే అక్కడ రెండు గాజులు అతికించి ఉంటాయి కాబట్టి రెండు మెరిసే ప్రతిబింబాలు, మధ్యలో ఒకటి బాగా మసకగా కనిపిస్తాయి. మూడు గాజుల లెన్స్‌లో మసకది ఉండదు. 'టెస్సార్' అని రాసి ఉండి మసక ప్రతిబింబం లేకపోతే ఆ లెన్స్‌ని అనుమానించాల్సిందే. డాగోర్‌లో ముందు సగంలోనే రెండు మెరిసేవి, రెండు మసకవి ఉంటాయి.

ఆ అతుకు అంచుల్లో ఇంద్రధనుస్సు రంగులో, వెండి మచ్చలో కనిపిస్తే జిగురు విడుతోందన్నమాట. అంచు దాకే ఉంటే ఫొటోకి పెద్దగా ఇబ్బంది లేదు. మధ్యదాకా వచ్చి ఉంటే వదిలేయండి, ఇంట్లో బాగుచేసే పని కాదది.

మెట్టు 7: శుభ్రం చేయడం

విశాఖ, కాకినాడ, చెన్నై లాంటి సముద్రతీరపు ఊళ్లలో ఉండేవారికి అతి పెద్ద శత్రువు ఫంగస్. గాజు మీద సాలెగూడులా పాకుతుంది. ఎంత తొందరగా తీస్తే అంత మంచిది, ఎందుకంటే అది వదిలే ఆమ్లం గాజునే తినేస్తుంది.

ముందు గాజు ఉన్న చట్రాన్ని తీసే ముందు అది ఏ స్థానంలో ఉందో సన్నటి పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. ముందు గాజు తిప్పి ఫోకస్ చేసే రకంలో మర చివర విడిపోయే చోటు కూడా గుర్తు పెట్టాలి. వేరే చోట మర ఎక్కితే ఫోకస్ పూర్తిగా తప్పిపోతుంది. రింగులు విప్పడానికి లెన్స్ స్పానర్ వాడండి, కత్తెర మొనలు వద్దు. మొదట ఊదే బల్బుతో దుమ్ము ఎగరగొట్టండి. తర్వాత మందుల షాపులో దొరికే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌ని దూదికి కొద్దిగా అద్ది, నొక్కకుండా మధ్య నుంచి అంచుకి తుడవండి. చివర ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఒకసారి. అతికించిన గాజుని ఏ ద్రవంలోనూ నానబెట్టొద్దు. అప్పటి గాజు మెత్తనిది, పూత రక్షణ కూడా లేదు. ఒక మచ్చ మిగిలిపోయినా ఫొటోలో కనిపించదు, గట్టిగా రుద్దిన గీతలు మాత్రం వెలుతురుకి ఎదురుగా తీసిన ప్రతి ఫొటోనీ మసకబారుస్తాయి.

బెలోస్ లోపల టార్చ్ పెట్టి చీకట్లో మడతల మూలలు చూడండి. సూది మొన అంత వెలుగు కనిపిస్తే నల్లటి ఫ్యాబ్రిక్ పెయింట్‌ని పలచగా రెండు పూతలు వేస్తే చాలు.

మెట్టు 8: షట్టర్ మర్యాద

కాంపూర్‌లో అత్యధిక వేగానికి అదనపు స్ప్రింగు ఉంటుంది. షట్టర్ ఎక్కుపెట్టాక ఆ వేగానికి బలవంతంగా తిప్పితే లోపల విరుగుతుంది. అందుకే ముందు వేగం, తర్వాత ఎక్కుపెట్టడం. పాత చక్రం రకంలో ఎం, డి, జడ్ అక్షరాలుంటాయి. మామూలు ఫొటోకి ఎం. మిగతా రెండూ షట్టర్‌ని తెరిచి ఉంచేవి, మీ షట్టర్‌లో ఏది ఎలా పనిచేస్తుందో ఫిల్మ్ లేకుండా నొక్కి చూసుకోండి.

నెమ్మది వేగాలు మధ్యలో ఆగిపోతే పాత నూనె గట్టిపడిందని అర్థం. లోపలికి నూనె చుక్క వేయకండి, అది షట్టర్ రేకుల మీదికి పాకితే అవి ఇంకా అతుక్కుంటాయి. విప్పి శుభ్రం చేయగలిగిన మెకానిక్‌కి ఇవ్వండి. 25, 50, 100 వంతులు నమ్మకంగా నడుస్తుంటే మన ఎండకి అవే సరిపోతాయి.

మెట్టు 9: ఫిల్మ్ వేసి తీయడం

120 ఫిల్మ్ వాడే 6×4.5 సెం.మీ. 'సెమీ' తరహా కెమెరా అయితే మీ అదృష్టం, ఫిల్మ్ సులువుగా దొరుకుతుంది. పర్లెట్, నిఫ్కాలెట్ లాంటివాటికి కావాల్సిన 127 ఫిల్మ్ దొరకడం కష్టం, ఉన్నా ఖరీదు. 120ని కత్తిరించి చుట్టుకునేవాళ్లున్నారు. ప్లేట్ కెమెరాకి సరిపోయే రోల్ ఫిల్మ్ హోల్డర్ కొనేముందు జారుడు అంచుల మందం కొలవండి, జర్మన్ హోల్డర్లన్నీ జపాన్ బాడీలకి పట్టవు. వెనుక ఎర్ర కిటికీ ఉంటే దాని మీద నల్ల టేపు అంటించి, ఫిల్మ్ తిప్పేటప్పుడు నీడలో మాత్రమే తెరవండి. ఎర్ర వెలుతురు తగిలినా పాడవని ఫిల్ముల కాలంలో పెట్టిన కిటికీ అది. ఇప్పటి ఫిల్ముకి ఎరుపూ తగులుతుంది.

పాత జర్మన్ అపర్చర్ వరస 4.5, 6.3, 9, 12.5, 18, 25, 36. కంగారు పడక్కర్లేదు. 6.3 నుంచి ప్రతి అంకే మనకి తెలిసిన 5.6, 8, 11, 16 కన్నా సుమారు మూడో వంతు స్టాప్ (ఒక స్టాప్ అంటే వెలుతురు రెట్టింపో సగమో కావడం) తక్కువ వెలుతురు ఇస్తుంది. ఐఎస్ఓ 100 ఫిల్మ్, నిండు ఎండ, 100వ వంతు వేగం అయితే మామూలు లెక్కలో ఎఫ్ 16. ఇక్కడ 18 బదులు 12.5 పెట్టండి. పూతలేని లెన్స్‌కి ఆ కాస్త అదనపు వెలుతురు మంచిదే. గాలికీ గాజుకీ మధ్య ఉన్న ప్రతి ఉపరితలం దగ్గర 4–5 శాతం వెలుతురు వెనక్కి పోతుంది. టెస్సార్‌లోని ఆరు ఉపరితలాలకీ కలిపితే ఐదో వంతు నుంచి నాలుగో వంతు దాకా పోయినట్టే. దానిలో కొంత ఫిల్మ్ మీదికి చేరి నల్లని నీడలని బూడిద రంగులోకి మారుస్తుంది.

దీనికి మందు లెన్స్ హుడ్, అంటే పక్క వెలుతురు పడకుండా లెన్స్ ముందు పెట్టే గొట్టం. నల్ల చార్ట్ పేపర్ చుట్టి చేసుకున్నదైనా సరే, హుడ్ లేకుండా ఒక్క ఫొటో కూడా తీయకండి. సూర్యుణ్ణి వెనుకో పక్కనో ఉంచుకుని, 9 లేదా 12.5 అపర్చర్‌లో, నలుపు తెలుపు ఫిల్మ్‌తో తీయండి. అంచుల దాకా పదును, ముఖం మీద మెత్తటి వెలుగు వస్తాయి. నాకు ఈ లెన్సుల్లో అన్నిటికన్నా ఇష్టమైనది ఆ రెండో గుణం. పూర్తిగా తెరిచి తీస్తే మూలలు మెత్తబడతాయి, మూడు గాజుల ట్రియోప్లాన్, రాడియోనార్‌లలో ఇది మరీ స్పష్టంగా తెలుస్తుంది. మనుషుల ఫొటోలకి అది కావాలనే వాడుకోవచ్చు.

మొదటి రోల్‌ని పరీక్ష కోసమే కేటాయించండి. ఒకే దృశ్యాన్ని మూడు అపర్చర్లలో, తర్వాత రెండు మీటర్ల దూరంలో కొలిచిపెట్టిన వస్తువుని, తర్వాత దూరపు కొండనో భవనాన్నో తీయండి. ఏ ఫ్రేము ఏ అమరికో రాసుకోకపోతే ఆ రోల్ వృథా.

మెట్టు 10: విడదీయకండి, దాచుకోండి

ఈ మధ్య టెస్సార్, ట్రియోప్లాన్ లెన్సులని బాడీల నుంచి పీకి, అడాప్టర్లతో డిజిటల్ కెమెరాలకి బిగించి, మిగిలిన బాడీని పారేయడం ఎక్కువైంది. ఇది నాకు చాలా బాధ కలిగిస్తుంది. విడి టెస్సార్‌లు ప్రపంచంలో లక్షల్లో ఉన్నాయి. టెస్సార్‌తో పుట్టి, దానితోనే నిలిచిన జపాన్ బాడీలు తక్కువ. డిజిటల్‌లో వాడాలనుంటే విరిగిన జర్మన్ మడత కెమెరా నుంచి వచ్చిన లెన్స్ కొనుక్కోండి.

కెమెరాని తోలు పెట్టెలో దాచొద్దు, తోలు తేమని పట్టి ఉంచుతుంది. మూత గట్టిగా పట్టే డబ్బాలో సిలికా జెల్, చిన్న తేమ మీటరు పెట్టి 40–50 శాతం మధ్య ఉంచండి. మరీ ఎండబెడితే బెలోస్ పెళుసవుతుంది. నెలకోసారి తీసి, అన్ని వేగాల్లో షట్టర్ నొక్కి, కాసేపు వెలుతురులో ఉంచి, షట్టర్ ఎక్కుపెట్టకుండానే మళ్లీ లోపల పెట్టండి. బాడీ, షట్టర్, లెన్స్ నంబర్లు, మీరు చేసిన మరమ్మతులు ఒక చీటీలో రాసి అదే డబ్బాలో ఉంచండి. రేపు అది ఎవరి చేతికి వెళ్లినా ఈ పరిశీలనంతా మొదటి నుంచి చేయక్కర్లేదు.